రెండు బండ్లమీద మన్యయాత్ర

విశాఖపట్టణమునకు రెండు ముఖములు గలవు. ఒకటి సముద్రమువంక చూచుచుండును. రెండవది కొండలవంక చూచుచుండును. యాత్రకు వచ్చువారిలో పెక్కుమంది మొదటి ముఖమును మాత్రమే చూచి మరలిపోవుదురు. డాల్ఫిన్ ముక్కు కొండ, రేవులో నిలిచిన ఓడలు, 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి, వీనితోనే వారి దినము నిండును. కాని యీ నగరపు బలములో పెద్దపాలు కొండల వెనుకనుండి వచ్చినది. 1933లో తెరువబడిన రేవునుండి విదేశములకు పోవు ఇనుపరాయియు, 1966నాటి ఆందోళనమున ప్రాణములర్పించిన వారి పుణ్యమున సాధింపబడి 1992లో జాతికంకితమైన ఉక్కు కర్మాగారమున కరగు ఇనుపరాయియు, బైలదిల్లా గనులనుండి రైలుబండ్లలో ఆ కొండలు దిగియే వచ్చును.

మావా రా కర్మాగారమున ఉద్యోగి. మా కాపురము ఉక్కునగరమున. మా యింటి యన్నమునకు మూలమైన యా రాయి వచ్చు దారిని ఎదురెక్కి చూచి, అరకులోయలో ఒకటి రెండు దినము లుండి రావలెనని చాలకాలముగ ననుకొనుచుంటిమి. గడచిన మార్గశిరమున అది కూడివచ్చినది. రైలున పోవచ్చును, కారున పోవచ్చును. మేము మోటారు సైకిళ్లమీద పోయితిమి. అదియు ఒక్క బండిమీద గాదు. ఆయన బండి ఆయన నడపెను; నా బండి నేను నడపితిని.

ఈ సంగతి వినగానే మా అత్తగారు వేసిన ప్రశ్న న్యాయమైనదే. “ఒక్క బండిమీద ఇద్దరూ కూర్చోరాదా అమ్మా? రెండో బండికి పెట్రోలు దండుగ. పైగా నాకు రెండింతల భయం” అని యామె యనిరి. లెక్క చూచిన నామె మాట నిజము. మూడువందల కిలోమీటర్లకు పైబడిన యా ప్రయాణమున రెండు బండ్లును గలిసి ఇంచుమించు 17 లీటర్ల పెట్రోలు త్రాగినవి. ఒక్క బండియే యైనచో 10 లీటర్లతో సరిపోయెడిది. తక్కిన 7 లీటర్లకు మాకు లభించిన దేమి? ఈ వ్యాసమున చెప్పదలచినది యదియే.

పండ్రెండేండ్లు నేనును మావారి వెనుకనే కూర్చుంటిని. వెనుక కూర్చున్న స్త్రీకి ఎదుట కనబడునది భర్త వీపు. తల ప్రక్కకు త్రిప్పినచో పరుగెత్తు చెట్లు. మలుపు వచ్చుచున్నదని యామెకు ముందుగా తెలియదు. బండి వాలినప్పుడే తెలియును. దారిలో గుంత యున్నదని కన్నులకంటె ముందు నడుము చెప్పును. వేగము హెచ్చినదని తోచినను, చెప్పిన మాట గాలిలో కలిసిపోవును. ఇంక చేయదగిన దేమున్నది? కన్నులు మూసికొని ఇష్టదైవమును తలచుకొనుటయే.

మన దేశపు మోటారు వాహనముల నిబంధనలలో 1989నాటి 123వ నిబంధన యొకటి కలదు. మోటారు సైకిలు వెనుక కూర్చుండువారు పట్టుకొనుటకు పిడియు, పాదములు మోపుటకు ఆధారమును, వస్త్రములు చక్రమున చిక్కుకొనకుండ వెనుక చక్రమును సగమైన గప్పు అడ్డును ఉండవలెనని దాని భావము. బజారులో నా యడ్డును ‘శారీ గార్డు’ అందురు. చీరకొంగు చక్రములో పడి జరుగు ఘోరములను విన్నవారికి ఆ యినుపకడ్డీల విలువ తెలియును. అది యుండవలసినదే. అయినను ఆ పేరును విన్నప్పుడెల్ల నాకొక తలంపు కలుగును. చీర కట్టినవారి చోటు బండి వెనుకనే యని, ఎవరును వ్రాయకయే, అందరును ఒప్పుకొన్నట్లున్నది గదా!

ఈ యొప్పుదలను కాదన్నవారు లేకపోలేదు. థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అను నిరువురు స్త్రీలు 1934 డిసెంబరులో లండనునుండి మోటారు సైకిలుమీద బయలుదేరి, సహారా యెడారిని దాటి, 1935లో ఆఫ్రికా దక్షిణపు కొననున్న కేప్‌టౌను చేరిరి. మన తెలుగునాటనే 2018లో జైభారతి యను నామె మరి ముగ్గురు స్త్రీలతో గూడి హైదరాబాదునుండి మోటారు సైకిళ్లపై బయలుదేరి, బర్మా, తాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాము దేశములను చుట్టి, దాదాపు 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చెను. దంపతులలో చెప్పవలెనన్న, సైమన్ థామస్, లీసా థామస్ అను ఆంగ్లదంపతులు 2003లో చెరియొక బండిమీద ఇల్లు విడిచి, ఏండ్లతరబడి ఖండఖండాంతరములు తిరిగిరి. వారి యాత్రల ముందర మాది పెరటి నడక. కాని పెరటిలోనైనను ఎవరి కాళ్లతో వారు నడచినప్పుడే నేల తెలియును.

ప్రయాణపు సన్నాహమును గూర్చి కొంచెము చెప్పెదను. ఇట్టి కోరికగల సోదరీమణులకు పనికి రావచ్చును. మావారిది 350 సి.సి.ల ఎన్‌ఫీల్డు, రెండువందల కిలోలకు చేరువగు బరువు. 1955లో మద్రాసున తయారగుట మొదలైన యా బండ్లన్న ఆయనకు చిన్ననాటినుండియు మోజు. నాది 150 సి.సి.ల బండి, బరువు 140 కిలోలకు లోపు. దుకాణములో అందరును నాకు స్కూటరు చూపిరి గాని, గేరులు గల బండియే కావలెనని నేను పట్టుపట్టితిని. బండిని ఎంచుకొనునప్పుడు అందమును గాక మన పాదములను చూచుకొనవలెను. కూర్చున్నప్పుడు రెండు పాదములును నేలకు చక్కగ నానవలెను. ఆగియున్న బండి ఒరిగినచో మన బలముతో నిలుపుకొనగలుగవలెను. ఈ రెండును కుదిరినచో భయములో సగము తీరినట్లే.

చీరను ఆ మూడు దినములు పెట్టెలో నుంచితిని. చీలమండలయొద్ద బిగువుగా నుండు పైజామా, దళసరి అంగీ, పైన చలికోటు ధరించితిని. చున్నీ మాత్రము వేసికొనలేదు. జడను కోటులోపలికి దోపితిని. చేతితొడుగులు గాజులమీదుగా ఎక్కవు గనుక చేతికొక్క గాజు మాత్రముంచి తక్కినవి తీసితిని. శిరస్త్రాణము ఇరువురకును ఐ.ఎస్.ఐ. ముద్ర గలది. చట్టము దండించునని గాదు; తల యొక్కటే గనుక. చక్రము చిల్లిపడిన పూడ్చుకొను సామగ్రి, మారుతీగ యొకటి, చింతపండు పులిహోర, జంతికలు, మంచినీరు, చలిదుప్పటి, ఇంతే సామాను. బరువు సంచులు క్రిందుగను, ఇరుప్రక్కల సమముగను కట్టితిమి. పైన కట్టిన బరువు మలుపులలో బండిని పడద్రోయ చూచును.

బయలుదేరుటకు ముందు మేము మూడు కట్టుబాట్లు చేసికొంటిమి. మొదటిది: వేగము చిన్నబండిది. రెండవది: ముందు పోవువారు వెనుకవారిని ఎప్పుడును అద్దములో చూచుకొనుచుండవలెను, కనబడకున్న ఆగవలెను, దారి చీలినచోట రెండవ బండి వచ్చువరకు కదలరాదు. మూడవది మావారు చెప్పినది. “పోదము, ఆగుదము అని చెరియొక మాట అన్నప్పుడు ఆగుదమన్న మాటయే చెల్లవలెను” అని యాయన యనెను. ఆ మూడవ కట్టుబాటు అంత త్వరలోనే పరీక్షకు వచ్చునని మేమిరువురమును అనుకొనలేదు.

లక్ష్మివారమునాడు అత్తగారు బురుజుపేటకు పోయి కనకమహాలక్ష్మిని దర్శించి కుంకుమ తెచ్చిరి. మార్గశిర లక్ష్మివారములలో ఆ తల్లి సన్నిధిని ఇసుకవేసిన రాలదు. పైకప్పు లేని చోట, ఎండకును వానకును ఓర్చి నిలిచిన దేవత యామె. ఆ కుంకుమను రెండు బండ్లకును పెట్టి, శుక్రవారము వేకువను బయలుదేరితిమి.

గాజువాకనుండి ఎన్.ఏ.డి. కూడలివరకు లారీలదే రాజ్యము. అచ్చట మావారు ముందును, నేను వెనుకను, ఒకరి వెనుక నొకరము సూటిగా గాక కొంచెము ప్రక్కకు తప్పుకొని పోయితిమి. అట్లు పోయిన ముందుబండి ఒక్కసారి ఆగినను వెనుకబండికి చోటుండును. గోపాలపట్టణము, పెందుర్తి దాటి కొత్తవలస చేరితిమి. ఇనుపరాయి దిగు రైలుదారి చీలునది యిచ్చటనే. కొత్తవలసనుండి కిరండూలువరకు 1960-70 నడుమ వేయబడిన యీ మార్గమున 58 సొరంగములున్నవి. జపానుదేశపు ఉక్కు కొలుములకు రాయి నందించుటకై తొల్పబడిన యా కొండలు, తరువాత మన కొలుములకును రాయి నిచ్చినవి.

శృంగవరపుకోటలో ఇడ్డెనలు తిని, బొడ్డవర దాటినపిమ్మట కొండదారి మొదలైనది. ఇక్కడ నేను ముందు నడచితిని. చిన్నబండి ముందున్న వేగము దానంతట నదే కుదురుకొనును. కొండదారిలో నేర్చుకొనవలసిన దొకటే: చూపు ఎటో బండి అటే. లోయవంక చూచిన బండియు లోయవంకనే పోవ చూచును. మలుపు ముగియుచోటును చూచిన, చేతులు తామే దారి పట్టును. మలుపునకు ముందే వేగము తగ్గించి, గేరు దించి, హారను మ్రోయించి, మన ప్రక్కనే యుండి తిరుగవలెను. పైకెక్కు బండికి దిగు బండి దారి యీయవలెనని నియమము; లారీలవారిలో చాలమంది దానిని పాటించిరని చెప్పుట నాకు సంతోషము. తైడ దాటిన పిదప ఎదుటి కొండనుండి రైలొకటి బయటపడి, వంతెనమీద కొంతసేపు మెరసి, మరల సొరంగమున దూరినది. వెనుక కూర్చున్న దినములలో నేనిట్టి దానిని సగమే చూచియుందును.

బొఱ్ఱా గుహలు చూచునప్పటికి మధ్యాహ్నము తిరిగినది. సున్నపురాతిలో నీరు యుగములతరబడి చొచ్చి తొలిచిన గుహలివి. పైనుండి జారు బొట్టు బొట్టునను సున్నము మిగిలి, క్రిందికి వ్రేలాడు స్తంభములును, క్రిందనుండి లేచు స్తంభములును ఏర్పడినవి. పూర్వమొక ఆవు పైకప్పు కంతనుండి లోనికి పడగా, దానిని వెదకవచ్చిన కాపరి లోపల శివలింగమును చూచెనని ఇచ్చటివారు చెప్పుదురు. గుహను తొలిచిన నది పేరు గోస్తని. సన్నని యేరుగా కనబడిన యా నీటినే మూడవనాడు సముద్రపుటొడ్డున మరల చూడబోవుచుంటిమి.

పెద్దదారికి తిరిగి యెక్కునప్పటికి మంచు దిగినది. మొదట చెట్ల కొనలు పోయినవి. తరువాత దారి ప్రక్క తెల్లగీత పోయినది. సాయంకాలము అయిదు గంటలకే ముందు చక్రమునకు పది గజముల కావల ఏమియు కనబడలేదు. అనంతగిరి ప్రాంతమున ఒక టీదుకాణమునొద్ద నేను బండి ఆపితిని. మావారు ప్రక్కకు వచ్చి నిలిచెను.

“ఇంకెంత? ముప్పది కిలోమీటర్లే. మెల్లగా పోదము. అరకులో గదికి పైక మిచ్చియే యున్నాము గదా?” అని యాయన యనెను.

“నేనిక పోను. ఇచ్చటనే యుందము” అని నే నంటిని.

ఆయన మాటాడలేదు. కోపము రాలేదని చెప్పజాలను. టీ త్రాగినంతసేపును మంచువంకనే చూచుచుండెను. దారి ఎరిగినవాడు, నా కంటె పదునైదేండ్లు ముందుగా బండి నేర్చినవాడు, నా మాట పట్టుదలగా తోచియుండును. తుదకు “సరే, మూడవ కట్టుబాటు నాదే గదా!” అని నవ్వి, రాత్రికి చోటు వెదుకుటకు లేచెను. దొరికిన గది చిన్నది, దుప్పట్లు చాలలేదు, అరకులో ఇచ్చిన పైకము పోయినది.

మరునాడుదయము ఎండ కాచినది. దారి కడిగినట్లున్నది. ఆ రాత్రి అచ్చట ఏ యపాయమును జరుగలేదు. మేము పోయినను క్షేమముగ చేరియుందుమేమో! కాని మంచి నిర్ణయమునకు సాక్ష్యము అపాయము జరుగుటయే కానక్కరలేదు. కనబడని దారిలో పోకుండుటకు కనబడకపోవుటయే చాలిన కారణము. బండి తుడుచుచు మావా రొక మాట యనెను: “నీవు నా వెనుక కూర్చుండియుంటే, ఆగుమని అడిగియుందువు, నేను వినియుండను.” ఈ మాట నా కెంతో విలువైనదిగ తోచినది. వెనుక కూర్చున్న దినములలో నాకు భయము మాత్రముండెను. ఇప్పుడా భయమునకు బ్రేకు దొరికినది. అత్తగారికి టెలిఫోనులో సంగతి చెప్పగా, “ఎవరు ఆగుదామన్నారు?” అని యడిగిరి. నేనే యంటిని. “అయితే ఆ రెండో బండి పెట్రోలు దండుగ కాలేదులే” అని యామె యనిరి.

గాలికొండ దాటి సుంకరమెట్ట చేరితిమి. అచ్చటి కాఫీతోటలు చెట్లనీడలో పెరుగును. ఎత్తైన సిల్వరు ఓకు మ్రాకులకు మిరియపుతీగెలు ప్రాకియుండ, వాని క్రింద కాఫీపొదలు ఎఱ్ఱని పండ్లతో నిండియుండెను. 2019లో ఈ లోయ కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. పండ్లు కోయుచున్న స్త్రీలలో ఒకామె మా బండ్లచుట్టు తిరిగి, నా బండిమీద చేయివేసి, “ఇది నీదేనా? నీ మగనిదా?” అని యడిగినది. నా పేరనే యున్నదని చెప్పితిని. ఆమె తల యూచి, “మా కొండపట్టాలోను ఇద్దరి పేర్లూ ఉన్నాయి” అని యనినది. అడవిభూమి హక్కుల నిచ్చు 2006నాటి చట్టము, దంపతులకిచ్చు పట్టా భార్యాభర్తలిరువురి పేరను ఉమ్మడిగ నుండవలెనని విధించినది. కాగితముమీది యా నియమమును ఒక స్త్రీ తన నోట గర్వముగ చెప్పగా వినుట నాకదియే మొదటిసారి.

అరకులోయ సముద్రమునకు 900 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. మార్గశిరమున వలిసెపూలు పూయును. ఆ చేలు కొండపాదములవరకు పసుపుతో అలికిన ముంగిళ్లవలె నుండును. సంతకు పోవు మన్యపు స్త్రీలు తలమీద బరువులతో, చంకను బిడ్డలతో, మైళ్లకొలది నడచి వచ్చుట చూచితిని. రెండు చక్రముల గొప్పతనమును తలచుకొని గర్వించువారు ఆ పాదములను చూచిన వినయము నేర్తురు.

ఆ రాత్రి లోయలో గడపి మూడవనాడు దిగివచ్చితిమి. దిగుట ఎక్కుటకంటె కష్టము. బ్రేకునే నమ్మి దిగిన నది వేడెక్కి పట్టు సడలును. ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగి, ఇంజనే బండిని పట్టియుంచునట్లు చేయవలెను. ఈ విద్య మావారికి బాగుగ తెలియును గనుక దిగునప్పు డాయన ముందు నడచెను. ఆయన వెనుక దీపము వెలిగినచోట నేనును వేగము తగ్గించితిని. శృంగవరపుకోటనుండి పాతదారిని విడిచి, గోస్తని పోయినవంకనే పోదమనుకొంటిమి. తాటిపూడి జలాశయమున నది వెడల్పై నిలిచినది. అచ్చటినుండి పల్లెదారుల వెంట పద్మనాభము చేరితిమి. 1794లో విజయరామ గజపతిరాజు కుంఫిణీ సేనలతో పోరాడి కూలినది ఈ యూరనే.

ఆ పల్లెదారులలో కోతల కాలపు వరిగడ్డిని నూర్పుకై దారిపైననే పరచియుండిరి. గడ్డి చక్రమునకు చుట్టుకొనును. బ్రేకు వేసిన జారును. మావారు ముందుగ దాటి, అవతల ఆగి, చేయెత్తి నిలిచెను. ఆయన చక్రముల జాడనే చూచుకొని, బ్రేకు ముట్టక, నిటారుగ నేనును దాటితిని. అనంతగిరిలో నా మాటను ఆయన నమ్మెను. ఇక్కడ ఆయన జాడను నేను నమ్మితిని. నమ్మకము ఒకవైపే ప్రవహించినంతకాలము దానిని విధేయత యందురు. రెండువైపులను ప్రవహించినప్పుడే తోడగును.

భీమునిపట్టణమున గోస్తని సముద్రములో కలియును. గుహలో చేతికందిన సన్నని యేరు ఇచ్చట ఇసుకతిన్నెల నడుమ విశాలమై, అలలకు ఎదురుబోయి, నెమ్మదిగ ఉప్పునీరగుచున్నది. ఒకనాడు డచ్చివారి వర్తకస్థానమైన యీ యూర వారి సమాధులింకను ఉన్నవి; 1861లోనే ఇక్కడ పురపాలకసంఘ మేర్పడినది. ఆ యొడ్డున కూర్చుండి మిగిలిన జంతికలు తింటిమి.

భీమిలినుండి విశాఖకు సముద్రము నొరసికొని పోవు దారి మన తీరమందలి సుందరమార్గములలో నొకటి. ఎఱ్ఱమట్టి దిబ్బలు, బౌద్ధవిహారపు శిథిలములు గల తొట్లకొండ, ఋషికొండ ఒకదాని వెనుక నొకటి వచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరమునే తాకి నగరపు పచ్చదనమును ఊడ్చివేసినది. తరువాత నాటిన చెట్లు ఇప్పుడు నీడనిచ్చుచున్నవి. ఈ దారి తిన్నని దగుటచే ఎవరు ముందు ఎవరు వెనుక అను తలంపే రాలేదు. ఒకసారి ఆయన అద్దములో నేను, ఒకసారి నా యద్దములో ఆయన.

బండి నేర్వవలెనని కోరిక గల సోదరీమణులకు నేను చెప్పునది తొందరపడి కొండలెక్కుడని గాదు. మొదట గేరుబండికి మీ పేర లైసెన్సు పొందుడు. మీ పాదము లానునట్టి బండిని ఎంచుకొనుడు. ఒక ఆదివారము ఉదయము ఎండ ముదురకముందే మీ యూరి భీమిలివంటి దగ్గరిచోటికి పోయి రండు. తోడువచ్చు భర్త యున్నచో, ఇంటినుండి కదలకముందే ఆ మూడవ కట్టుబాటును మాత్రము ఇరువురును ఒప్పుకొనుడు. తక్కినవి దారి నేర్పును.